ఇరవయ్యొక్క డిగ్రీల పెద్దమనిషి

కరెంటు చాలకపోవడానికి కారణం ఎండ కాదని, జనం చల్లగా ఉండాలనుకోవడమేనని ఆ వేసవిలో మా ప్రభుత్వం కనిపెట్టింది. కనిపెట్టాక ఊరుకుంటుందా? ఏ ఏసీ అయినా సరే ఇరవై ఏడు డిగ్రీలకు తగ్గరాదని ఉత్తర్వు వేసింది.

దానికి జనం ఏమీ అనలేదు. ఉత్తర్వులకు ఏమీ అనకపోవడం జనానికి అలవాటే. గొడవంతా కార్యాలయాల్లో మొదలైంది. అధికారి గదిలోనూ ఇరవై ఏడే, గుమాస్తాల హాల్లోనూ ఇరవై ఏడే అయితే, లోపలికి వెళ్ళిన మనిషికి అధికారి ఎవరో ఎలా తెలుస్తుంది? కుర్చీ మీద తెల్ల తువ్వాలు ఒక్కటీ ఎంతకని కాపాడుతుంది? ఒక పెద్ద శాఖలో కొత్తగా వచ్చిన గుమాస్తా డైరెక్టరు గదిలోకి వెళ్ళి కూడా చెమట ఆరక, నమస్కారం పెట్టడం మరిచిపోయాడట. దాంతో పరిస్థితి చేయి దాటిపోతోందని పైవారికి అర్థమైంది.

అందుకని ఒక పెద్ద హోటల్లో సదస్సు పెట్టి, కోట్లు తొడుక్కుని, గజగజ వణుకుతూ చర్చించి, కొత్త ఉత్తర్వు తెచ్చారు. దాని పేరు హోదానుసార శీతలీకరణ పథకం. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, చల్లదనము పరిమితమైన వనరు అయినందున, సదరు వనరును వ్యక్తుల బాధ్యతలకు అనుగుణముగా పంపిణీ చేయుట సముచితమని ప్రభుత్వము భావించుచున్నది" అని అది మొదలవుతుంది. అటెండరుకు ఇరవై తొమ్మిది డిగ్రీలు, గుమాస్తాకు ఇరవై ఎనిమిది, అలా మెట్టు మెట్టుకూ తగ్గుతూ వెళ్ళి శాఖాధిపతి దగ్గర పద్దెనిమిదిలో ఆగుతుంది. ఆయన పైవాళ్ళకు అంకె వేయలేదు. అది వాళ్ళ విజ్ఞత. ఉద్యోగం విరమించినవాళ్ళ డిగ్రీ జీవితాంతం వాళ్ళదే. ఇక ఏ హోదా లేని మిగతా పౌరులందరికీ కలిపి ముప్ఫై.

ప్రతి ఏసీ కింద, రేషన్ షాపులో ఉంటుందే, అలాంటి వేలిముద్ర పెట్టె బిగించారు. గదిలో ఉన్నవాళ్ళలో ఎవరి హోదా పెద్దదైతే వాళ్ళ డిగ్రీలో ఏసీ నడుస్తుంది. ఆ మనిషి గంటకోసారి వేలు పెట్టి, తానింకా అక్కడే ఉన్నానని రుజువు చేసుకోవాలి. పెద్ద అధికారి ఒకరు చిన్నవాడి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడ ఉడికిపోతే అది మర్యాద కాదు కదా అని, ఈ అతిథి నిబంధన చేర్చారట. మా వాళ్ళు కరెంటును మరిచిపోతారేమో గాని మర్యాదను మరిచిపోరు.

ఈ పథకం చూసి బెజవాడలో ఆశ్చర్యపోనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. నా పేరు పోతురాజు. గవర్నరుపేట సందులో నాకో శుభలేఖల ప్రెస్ ఉంది. నా బతుకంతా పేర్ల కింద హోదాలు అచ్చు వేయడంలోనే గడిచింది. పెళ్ళికొడుకు పేరులో ఒక అక్షరం పోయినా సర్దుకుంటారు గాని, మేనమామ పేరు కింద 'రిటైర్డ్ తాసీల్దారు' అని లేకపోతే కార్డుల కట్ట తెచ్చి నా మొహాన కొడతారు. మనుషులు రిటైరవుతారు, హోదా రిటైరవదని ప్రభుత్వం ఇప్పుడు తెలుసుకుంది. నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

నాకు బాధల్లా మా అమ్మ గురించే.

మా అమ్మ తిరపతమ్మ ఒక విద్యార్థుల హాస్టల్లో దినసరి కూలికి వంట చేసేది. వయసంతా కట్టెల పొయ్యి ముందే కాగిపోయింది. గుండిగలకొద్దీ గంజి వంచి వంచి మోచేతుల దాకా చర్మం కమిలి, అలాగే నల్లగా ఉండిపోయింది. మా అమ్మాయి హారికను పెంచింది ఆవిడే. హారిక కేంద్ర పోలీసు దళంలో కానిస్టేబులై బస్తరు వైపు వెళ్ళింది. ఉద్యోగంలో చేరగానే నాకు చొక్కా అన్నా కొనలేదు గాని, నాయనమ్మ మంచం ఎదురుగా ఏసీ బిగించింది. ఆ రోజు అమ్మ దాని కింద పడుకుని, ఇంత సుఖం పెట్టుకుని జనం పనులెలా చేస్తున్నార్రా అని అడిగింది.

పెట్టె బిగించడానికి వచ్చిన మనిషి అమ్మను ఏం పని చేసేవారని అడిగాడు. వంట అంది. ప్రభుత్వ కొలువా అన్నాడు. కాదు, దినసరి అంది. అతను పాపం చాలా మర్యాదగా ముప్ఫై నొక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి అమ్మ జాకెట్టు తడిసి వీపుకంటుకుపోయింది. తాటాకు విసనకర్ర తీసి మళ్ళీ విసురుకోవడం మొదలుపెట్టింది.

"నేనేం స్వర్గం అడగలేదురా పోతురాజూ. పోయాక ఎటూ కాలుస్తారు. కాల్చేదాకన్నా కాస్త చల్లగా ఉంచరా" అంది.

ప్రెస్సులో ఎంత పెద్ద హోదా కావాలన్నా అచ్చు వేయగలను. ఇంట్లో అమ్మకు ఒక్క డిగ్రీ తగ్గించలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మా పై వాటాలో భీమశంకరం గారని ఉండేవారు. ఉద్యానవన శాఖలో జాయింట్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయింది, పిల్లల్లేరు. రిటైరైన మర్నాటి నుంచి ఆయన్ను చూసి వాచ్‌మన్ కూడా లేచి నిలబడటం మానేశాడు. ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా పేపరు చదవడానికి దిగి వచ్చి, ఇందులో తప్పులు ఎక్కువయ్యాయని నన్ను మందలించి వెళ్తుండేవారు. ఎదురుపడితే నేను సందు మారిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అలాగే వచ్చి అమ్మ గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పెట్టె చూసి, ఇదెలా పనిచేస్తుందో అని వేలు పెట్టారు. అది కీచుమని ఇరవై ఒకటి చూపించింది. కాసేపటికి అమ్మ విసనకర్ర పక్కన పెట్టి దుప్పటి అడిగింది. మా అమ్మ దుప్పటి అడగడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆ రోజు ఆయనకు మా ఇంట్లో పెసరట్టు, ఉప్మా, రెండుసార్లు కాఫీ. మర్నాడు పేపరు నేనే పైకి తీసుకెళ్ళి ఇచ్చి, చదవడానికి మా ఇంట్లో వెలుతురు బాగుంటుందని చెప్పాను. ఆయనేమీ అమాయకుడు కాదు. "చూడు పోతురాజూ, అధికారి సేవలు ప్రజలకు ఎప్పుడూ అవసరమే" అని చొక్కా సర్దుకుని దిగారు.

ఆయన్ను అందరూ సర్ అనేవారు, అమ్మ తప్ప. నాయనా అని పిలిచి, తిన్నావా అని అడిగి, మజ్జిగలో ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కునేది. కరెంటు పోయినప్పుడు తన విసనకర్రతో ఆయనకు విసిరేది. తోటల తనిఖీకి వెళ్ళి తాను నిమ్మ మొక్కల్లో కనిపెట్టిన అవకతవకల గురించి ఆయన గంటలు గంటలు చెబుతుంటే వినేది. ఆ కథ భూమ్మీద పూర్తిగా విన్న మనిషి ఆవిడొక్కతే.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? ఈ కిటుకు మాకే తెలుసని నేను మురిసిపోయేలోపే అందరికీ తెలిసిపోయింది. చీరల షాపులో గల్లా పక్కన ఒక రిటైర్డ్ తాసీల్దారు గారిని కూర్చోబెట్టారు. ఆయన ఏమీ అమ్మరు, కూర్చుంటారంతే. పంటి డాక్టరు దగ్గర ఒక మాజీ డిప్యూటీ రిజిస్ట్రారు, ట్యూషన్ సెంటర్లో ఒక మాజీ డీఈఓ. కోడళ్ళు తిడుతున్నారని పార్కు బెంచీల మీద సాయంత్రాలు దొర్లించే పెద్దమనుషులందరికీ ఒక్కసారిగా ఊపిరాడనంత పని. పార్కులు ఖాళీ అయ్యాయి.

నా దగ్గరికొచ్చే శుభలేఖలూ మారాయి. "మా అన్నయ్య పేరు పక్కన డిగ్రీ కూడా వేయండి" అని ఒకాయన అడిగాడు. ఆయనేం చదివారండీ అన్నాను. చదువు కాదు, చల్లదనం అన్నాడు. ఆ తర్వాత అందరూ అదే బాట. ముఖ్య అతిథి పేరు కింద ఇరవై రెండు, పెళ్ళికొడుకు పెదనాన్న పేరు కింద ఇరవై నాలుగు. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళుంటే జనం ముహూర్తబలం చూడ్డం మానేసి, కార్డు మీద అంకె చూసుకుని వెళ్ళేవారు. ఒక సంబంధం అంతా కుదిరాక, వియ్యంకుడి తమ్ముడు గెజిటెడ్ కాదని తేలి ఆగిపోయింది. కార్డులు కూడా అచ్చయిపోయాయి.

భీమశంకరం గారికి రోజుకు రెండు ప్రారంభోత్సవాలు, ఒక పెళ్ళి. వాచ్‌మన్ ఇప్పుడు గేటు దాకా ఎదురొస్తున్నాడు. అయినా ఎక్కడున్నా సరే మిట్టమధ్యాహ్నానికి అమ్మ గదికి వచ్చి కూర్చునేవారు. నేనొకసారి, మీకు శ్రమ ఇస్తున్నామండీ అన్నాను. "మిగతావాళ్ళు వేలు చూసి పిలుస్తున్నారయ్యా" అన్నారాయన, అంతే. నాకు చాలా సిగ్గేసింది. మొదట్లో నేను పిలిచిందీ వేలు చూసే.

నెల తిరిగేసరికి కరెంటు వాడకం తగ్గకపోగా బాగా పెరిగిందని తేలింది. పథకానికి ముందు ఇరవై ఏడులో పడుకున్న ఊరు, ఇప్పుడు అధికారుల పుణ్యమా అని ఇరవై రెండులో వణుకుతోంది. సమీక్షా సమావేశంలో దీన్ని వైఫల్యం అనకూడదని తీర్మానించారు. ప్రజల్లో హోదా పట్ల గౌరవం ఆశించిన స్థాయిని మించిపోయిందని, దాన్ని యుద్ధప్రాతిపదికన అదుపు చేయాలని రాసుకున్నారు.

అందుకోసం ఇంకో ఉత్తర్వు వేశారు. సరిగ్గా అది అమల్లోకి వచ్చిన ఉదయమే మా అమ్మ పోయింది. తెల్లవారుజామున మంచినీళ్ళు అడిగి తాగి, పక్కకు తిరిగి పడుకుంది. మళ్ళీ లేవలేదు.

హారికకు ఫోన్ చేశాను. ఎలాగైనా చీకటి పడేలోపు వస్తాను, నాయనమ్మ మొహం చూడకుండా తీసుకెళ్ళొద్దు నాన్నా అంది. అది నడివేసవి. పొద్దున్నే గోడలు కాలుతున్నాయి. ఫ్రీజరు పెట్టె తెప్పించాను.

తెచ్చినవాడు అమ్మను అందులో పడుకోబెట్టి, వైరు తగిలించి, పక్కనే ఇంకో చిన్న పెట్టె పెట్టాడు. వేలిముద్ర పెట్టె. ఇవి కూడా చల్లదన పరికరాల కిందికే వస్తాయండీ అని నసిగాడు. వేలు పెట్టకపోతే ఎంతలో నడుస్తుందని అడిగాను. ముప్ఫైలో అన్నాడు. ముప్ఫై డిగ్రీల్లో శవాన్ని ఉంచడానికి పెట్టె ఎందుకని అడగబోయి, ఆ ప్రశ్న అతన్ని అడగవలసింది కాదని ఊరుకున్నాను.

భీమశంకరం గారు ఆ రోజు కార్యక్రమాలన్నీ మానుకుని, తలస్నానం చేసి, తెల్ల చొక్కాతో దిగి వచ్చారు. అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టుకుని, వెళ్ళి వేలు పెట్టారు. పెట్టె ముప్ఫై చూపించింది. తుడుచుకుని మళ్ళీ పెట్టారు. ముప్ఫై. ఎడమచేతి వేలు పెట్టారు. ఆ తర్వాత వేలు తీయడం మరిచిపోయి అలాగే నిలబడ్డారు.

ఇంతలో ఇంటి ముందు జీపు ఆగింది. రద్దయిన వేలు ఎక్కడైనా పడితే ఆఫీసులో గంట మోగేలా ఏర్పాటు ఉందట. ప్రజాప్రాణాల సంగతిలో లేని చురుకుదనం మా వాళ్ళకు ఇలాంటి చోట్ల ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. దిగినవారు శీతల పర్యవేక్షణాధికారి వరప్రసాదమూర్తి గారు. రిటైరైనవాళ్ళ డిగ్రీలు ఆ ఉదయం నుంచి రద్దయ్యాయని, ఇకపై సర్వీసులో ఉన్నవారికే హోదా అని ఆయన ఉత్తర్వు చదివి వినిపించారు. అమ్మ తలదగ్గర దీపం వెలుగుతూనే ఉంది.

మనవరాలు వచ్చేదాకా, ఈ ఒక్క పూటకు దయచూడమని చేతులు పట్టుకున్నాను.

"మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ నిబంధనల్లో లబ్ధిదారు అంటే వేడిని అనుభవించగల వ్యక్తి. సదరు మృతురాలు ఆ నిర్వచనంలోకి రారు. మీరు అర్జీ పెట్టుకోండి, తగు సమయంలో పరిశీలిస్తాం" అన్నారాయన.

తగు సమయం అంటే ఎప్పుడో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు ఆ మనిషిని ఆ ఫ్రీజరు పెట్టెలోనే పెట్టి మూత వేయాలనిపించింది. ఆయన ఇంకా చాలా చోట్ల తనిఖీలున్నాయని చెప్పులు వేసుకోబోయారు.

అప్పుడు భీమశంకరం గారు వేలు తీసి మెల్లిగా ముందుకొచ్చారు.

"మూర్తి గారూ, మీవంటి నిక్కచ్చి అధికారిని ఈ ఊరు ఇంతవరకు సన్మానించినట్టు లేదే" అన్నారు.

వరప్రసాదమూర్తి గారి కాలు చెప్పులో సగం దూరి ఆగిపోయింది. నాకెందుకండీ సన్మానాలు అన్నారు. ఆ మాట అన్నాక లేచి వెళ్ళిపోయిన అధికారిని మా దేశంలో నేనింతవరకు చూడలేదు. చెప్పు వదిలేసి లోపలికొచ్చి, మేం వేసిన కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ ఫ్రీజరు పెట్టెకు ఆనుకునే వేశాం. దాని వెనక్కి భీమశంకరం గారు తమ ఇంటినుంచి తెల్ల తువ్వాలు తెచ్చి కప్పారు.

వేదిక మీది పెద్దలు ఉక్కబోతకు ఇబ్బంది పడకూడదు కదా అని భీమశంకరం గారు ఆయన చెయ్యి పట్టుకుని వేలిముద్ర పెట్టె మీద పెట్టించారు. ఇరవై నాలుగు చూపించి, అమ్మ కాళ్ళ దగ్గర మోటారు గుర్రుమని కదిలింది. తెలిసే పెట్టారో, తెలియక పెట్టారో ఇప్పటికీ చెప్పలేను. ఇరవై నాలుగు శవానికి చాలదని ఆ పెట్టె తెచ్చినవాడు నా చెవిలో అన్నాడు. ఐసు దిమ్మలు తెప్పించి చుట్టూ పేర్చాం. ఐసు మీద ఇంకా ఉత్తర్వు రాలేదు. మోటారు తోడుంటే సాయంత్రం దాకా ఆగుతుందన్నాడు.

అమ్మ కోసం వచ్చిన దండల్లో పెద్దది ఆయన మెడలో వేశాం. నేను ప్రెస్సుకు పరుగెత్తాను. సన్మాన పత్రం తయారుచేయడం ఎంతసేపు? అందులో పేరు తప్ప మార్చవలసింది ఏమీ ఉండదు. దారిలో ఒక శాలువా కొన్నాను.

సభ మొదలైంది. అధ్యక్షులు భీమశంకరం గారు. ఏడవడానికి వచ్చిన చుట్టాలే సభికులు, వాళ్ళే వక్తలు. వాళ్ళకు ఆ అధికారి ఎవరో తెలియదు, ఆయన గురించి చెప్పడానికి ఏమీ లేదు. మా మేనమామ మైకు లేకుండానే నిలబడి, కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాడు.

"పిల్లలందరూ తిని లేచేదాకా ఒక్క మెతుకు ముట్టేది కాదు మా అక్క. జొరమొచ్చినా పొయ్యి ముందునుంచి లేచేది కాదు" అని ఆగి, కుర్చీ వైపు చూసి, "మన మూర్తి గారు కూడా అంతే" అన్నాడు.

సభికులు ఏడుస్తూ చప్పట్లు కొట్టారు. ఆ దారి అందరికీ నచ్చింది. హాస్టల్లో అమ్మ చేతి అన్నం తిని పెద్దవాళ్ళయిన ఇద్దరు వచ్చారు. పరీక్ష రోజుల్లో తమకు దొంగచాటుగా పెరుగు వేసిన సంగతి ఒకడు చెప్పి, అలాంటి దయ మళ్ళీ మూర్తి గారిలోనే చూస్తున్నామన్నాడు. పక్క వాటా ఆవిడ అమ్మ చేతుల మీది నల్లటి మచ్చల గురించి చెప్పి, మూర్తి గారూ మన కోసం అలాగే కాలిపోతున్నారని చెప్పింది. మా అమ్మ గురించి ఆమె బతికుండగా ఎవరూ చెప్పని మంచి మాటలన్నీ ఆ రోజు చెప్పారు. ప్రతి మాటకూ చివర ఆయన పేరు తగిలించారు, అంతే. విని విని వరప్రసాదమూర్తి గారు కూడా కళ్ళు ఒత్తుకున్నారు. తనలో ఇంత మంచితనం ఉందని ఆయనకూ అప్పటిదాకా తెలియదు.

గంట గంటకూ భీమశంకరం గారు ఆయనతో చేతులు కలిపి అభినందించి, ఆ చేతిని అలాగే తీసుకెళ్ళి పెట్టె మీద పెట్టేవారు.

పొద్దు వాలేసరికి మాట్లాడేవాళ్ళు అయిపోయారు. హారిక ఇంకా దారిలోనే ఉంది. మూర్తి గారు గడియారం చూసుకున్నారు. అప్పుడు అధ్యక్షుల వారు ముగింపు పలుకులకు లేచారు. ఆ ఉదయం తన డిగ్రీ పీకేసిన మనిషిని, తనకంటే ఎంతో కింది మెట్టు మనిషిని, ఆయన పొగడడం మొదలుపెట్టారు. ఒకప్పుడు అటెండరు నమస్కారం పెట్టలేదని మూడ్రోజులు అలిగిన మనిషి భీమశంకరం గారు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. నిమ్మ మొక్కల కథ మొదలునుంచి చివరిదాకా చెప్పి, అదంతా మూర్తి గారి నిజాయితీకి ఉదాహరణ అన్నారు. మధ్యలో ఒకసారి మాట తడబడితే, అమ్మ పెట్టె వైపు తిరిగి చూసి, మజ్జిగ అడిగి తాగి మళ్ళీ అందుకున్నారు. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన ఉపన్యాసానికే అనుకుని మూర్తి గారు నన్ను మెచ్చుకోలుగా చూశారు.

వీధి దీపాలు వెలిగే వేళకు ఆటో ఆగింది. హారిక యూనిఫాంలోనే, వీపున సంచితోనే పరుగెత్తుకొచ్చింది. మేం పెట్టె మూత తీశాం. మోకాళ్ళ మీద కూర్చుని నాయనమ్మ నుదుటి మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయింది. సభ అంతా లేచి నిలబడింది. భీమశంకరం గారు మాట్లాడటం ఆపి, అక్కడున్న విసనకర్ర తీసుకుని కూర్చుండిపోయారు.

"నాయనమ్మ చల్లగా ఉంది నాన్నా" అంది హారిక.

వరప్రసాదమూర్తి గారు శాలువా సర్దుకుని, లేచి అందరికీ చేతులు జోడించి, "అంతా మీ అభిమానం" అన్నారు.